బొమ్మలు అన్నం పెడతాయా?

"మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా బొమ్మలే. అప్లైడ్ ఆర్ట్స్‌లో, అదే ప్రకటనలకీ ప్యాకింగ్‌లకీ డిజైన్లు వేసే కోర్సులో, చేరతానంటోంది. మా బావగారేమో 'అది బోర్డులు రాసే పని' అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?"
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

మీ అమ్మాయి వేసిన బొమ్మను ఫొటో తీసి పంపారు కదా, దాన్ని పెద్దది చేసి చూశానండి. కడప బండ మీద ఇత్తడి చెంబు, కోసిన ఎర్రగడ్డ, అగ్గిపెట్టె. చెంబు మెరుపు బాగా వచ్చింది. కానీ నా చూపు అగ్గిపెట్టె దగ్గరే ఆగింది. దాని మీది అక్షరాల్లో సగం చెంబు నీడలో కలిపేసింది. ఎవరూ నేర్పకుండానే అలా వేసిందంటే, ఏది ఎక్కడ ఉండాలో ఆ పిల్లకు తెలుసు. అప్లైడ్ ఆర్ట్స్‌కు ముందు కావాల్సింది అదే.

హువాన్ గ్రిస్ అనే స్పెయిన్ చిత్రకారుడు 1906లో పారిస్ చేరి, కొన్నేళ్లు హాస్య పత్రికలకు బొమ్మలు వేసి పొట్ట పోసుకున్నాడు. 1915లో ఆయన వేసిన గళ్ల టేబుల్ గుడ్డ స్టిల్ లైఫ్ (వస్తువులను ఎదురుగా పెట్టి వేసే తరహా బొమ్మ) ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ద్రాక్షపళ్లు, పేపరు, సీసా లేబుల్ మీది అక్షరాలు కనిపిస్తాయి. కాసేపు చూస్తే కాఫీ కప్పు ముట్టెలా మారి, అన్నీ కలిసి ఎద్దు తల అవుతాయి. పత్రికలో కాస్తంత జాగాలోనే బొమ్మ ఇమిడ్చిన అలవాటు అక్కడ పనికొచ్చిందనే నా నమ్మకం. మీ అమ్మాయికి ఆ బొమ్మ చూపించండి.

బావగారికి ఒక మాట చెప్పండి. పేరుమోసిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా ఒకప్పుడు బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసినవారే. బోర్డు రాయడం తక్కువ పనేం కాదు.

కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) నాలుగేళ్లు, ప్రవేశం ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. ఇంటర్ పాసవడం తప్పనిసరి కాబట్టి పబ్లిక్ పరీక్షలయ్యేదాకా చదువు వదలనివ్వకండి. చదువయ్యాక ప్యాకింగ్ డిజైన్, ప్రకటనలు, పుస్తకాల అట్టలు, యాప్ స్క్రీన్లు, ఇలా పని దొరికే దారులున్నాయి. మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు, దానికి మీరు సిద్ధపడాలి.

రోజుకో బొమ్మ వేయమనండి. ఫోన్‌లో ఫొటో చూసి కాదు, వంటింట్లో ఉన్నవి ఎదురుగా పెట్టుకుని. తేదీ వేసి ఒక ఫైల్లో దాచమనండి. అగ్గిపెట్టె బొమ్మను మాత్రం మడతపెట్టనివ్వకండి, ఆ ఫైల్లో మొదటి పేజీ అదే కావాలి.