టెక్ సందేహాలు: మైకు మంచిదే, మరి గొంతు బావిలోంచి వస్తున్నట్టుందేం?

ప్రశ్న: విజయనగరంలో ఉంటాం. మా అమ్మాయి గాత్రం నేర్చుకుంటోంది. ఇంట్లో పాడిన కీర్తనలు యూట్యూబ్‌లో పెడదామని ఆడియో టెక్నికా ఏటీ2020 మైకు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) కొన్నాం. గది పదడుగులు బై పన్నెండు. రికార్డు చేసి వింటే గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఇంకా ఖరీదైన మైకు తీసుకోవాలా?

జవాబు: వద్దు. ఖరీదైన మైకు పెడితే ఆ బావి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. లోపం గదిది. పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు వైపులా నున్నటి సిమెంటు గోడలు. గొంతు నేరుగా మైకుకు చేరాక, అదే గొంతు పదడుగుల గదిలో గోడ నుంచి గోడకు పోయి తిరిగి రావడానికి 17, 18 మిల్లీసెకన్లు చాలు. ఎదురుగా కూర్చుని వింటే మన చెవి దాన్ని చాలావరకు పక్కన పెట్టేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టి చూడండి. చివర్లో లోహపు రేకు వణికినట్టు చిన్న జీర వినిపిస్తే మీ అనుమానం తీరినట్టే.

ముందు దూరం సరిచేయండి, ఇది పైసా ఖర్చులేని పని. నోటికీ మైకుకూ మధ్య జానెడు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉండాలి. చాలామంది రెండడుగుల దూరంలో కూర్చుని పాడి, వినబడటం లేదని గెయిన్, అంటే మైకు సంకేతాన్ని పెంచే నాబ్, పెంచుతారు. దాంతో గది మోత కూడా పెరుగుతుంది. దూరం సగమైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గోడల నుంచి వచ్చేది దాదాపు అలాగే ఉంటుంది. రెండడుగుల నుంచి జానెడుకు వస్తే లాభం 9 డెసిబెల్స్ పైమాటే. అలాగని బెత్తెడుకన్నా దగ్గరికి వెళితే ఈ రకం మైకుల్లో మంద్రం ఉబ్బి గొంతు బొంగురుపోయినట్టుంటుంది. తారస్థాయి అందుకునేటప్పుడు తల కాస్త వెనక్కి తీసుకోవడం అమ్మాయికి అలవాటు చేయండి. ప, బ, భ లాంటి అక్షరాలకు మైకు 'బుఫ్' మనకుండా పాప్ ఫిల్టర్‌ను, అంటే ఊపిరి గాలిని ఆపే చిన్న తెరను, నోటికీ మైకుకూ నడిమధ్య పెట్టండి. మైకును ముక్కు ఎత్తులో ఉంచి నోటివైపు కొద్దిగా వంచితే ఇంకా మంచిది. ఇంకో మాట: ఏటీ2020లో పాడాల్సింది కొసన కాదు, పక్కన, కంపెనీ గుర్తు ఉన్న వైపు. వేదిక మీది మైకులా కొసను నోటివైపు తిప్పి, నెలల తరబడి మసక గొంతే రికార్డు చేసుకునేవాళ్లున్నారు.

ఇక గోడలు. ఈ మైకు తన వెనకవైపు శబ్దాన్ని తక్కువగా, ముందువైపు దాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. ముందువైపు అంటే అమ్మాయి, ఆమె వెనకున్న గోడ. అందరూ మైకు వెనక ఫోమ్ అంటిస్తారు కానీ ముందు కప్పాల్సింది పాడేవాళ్ల వీపు వెనక. రెండు మందపాటి బొంతలు జోడించి, గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ఎడంగా తాడు మీద వేలాడదీయండి. ఆ సందే కింది స్వరాల మోతను కొంత తగ్గిస్తుంది. దూది పరుపు నిలబెట్టినా సరే, బట్టలు కుక్కిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడినా సరే. పల్చటి బట్టతో పని జరగదు. పొందూరు సన్నఖద్దరు ఒంటికి ఎంత హాయో, గోడకు అంత దండగ. అంగుళం మందం ఫోమ్ కూడా పై స్వరాలనే మింగుతుంది, 300 హెర్ట్జ్ చుట్టుపక్కల మోతను వదిలేస్తుంది. చివరికి 'స'కారాలు చచ్చి, బావి మాత్రం మిగులుతుంది. కోడిగుడ్ల అట్టల సంగతి అడగనే వద్దు. కింద జంపఖానా పరచండి. దోమతెర కట్టే మేకులుంటే తలపైన ఒక దుప్పటి మడతలు వేసి కట్టండి, ఫ్యాను రెక్కలకు దూరంగా. రికార్డింగు సాగినంతసేపు ఫ్యాను ఎలాగూ ఆపాల్సిందే. గది మూలలో కానీ, సరిగ్గా నడిమధ్యలో కానీ నిలబడకండి. రెండుచోట్లా కింది స్వరాలు తేడాగా వినిపిస్తాయి.

తంబూరా యాప్‌ను స్పీకర్లో పెట్టకండి. శ్రుతి మైకులోకి దూరితే తర్వాత గొంతు ఒక్కదాన్నే దిద్దడం కుదరదు. ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి అందులో వినమనండి, తంబూరాను విడి ట్రాకులో కలుపుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాకే గెయిన్. కీర్తనలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే సంగతిని పాడించి, మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా నాబ్ తిప్పండి. సాఫ్ట్‌వేర్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. 24 బిట్‌లో సున్నా అంచుదాకా ఎక్కించాల్సిన అవసరమే లేదు, అంచు దాటి చితికిన స్వరాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఈక్యూలో (కింది, పై స్వరాలను విడివిడిగా హెచ్చించే, తగ్గించే చోట) 80 హెర్ట్జ్ కింద కోసేసి, 250 నుంచి 350 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది. పాట మొత్తం వినిపించే గట్టిదనాన్ని మైనస్ 14 లఫ్స్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి. అంతకన్నా గట్టిగా చేసి పంపితే యూట్యూబే తగ్గిస్తుంది.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి. ఆన్‌లైన్‌లో బీఎం-800 మైకు, స్టాండుతో కలిపి కొన్నాను. ఫోనుకు 3.5 ఎంఎం పిన్నుతో పెడితే గొంతుకన్నా 'స్‌స్‌స్' ఎక్కువ. మైకు పోయిందంటారా?

జవాబు: పోలేదు, ఆకలితో ఉంది. అది కండెన్సర్ మైకు. ఇలాంటివాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగ గుండానే అందే కరెంటు, కావాలి. ఫోను జాక్ ఇచ్చేది రెండు మూడు వోల్టులే. దాంతో గొంతు సన్నగా వస్తుంది, ఫోను దాన్ని బలవంతంగా పెంచుతుంది, పెంచినప్పుడల్లా జీర పైకొస్తుంది. ఇంకో సంగతి కూడా చూడండి. ఫోనుకు మూడు నల్లగీతలున్న పిన్ను కావాలి, ఈ మైకుల తీగకు చాలాసార్లు రెండే ఉంటాయి. అప్పుడు ఫోను తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది, మీరు మాత్రం స్టాండు ముందు పాడుతుంటారు. రికార్డింగు ఆన్ చేసి మైకు జాలీని గోటితో మెల్లగా గీకండి. ఆ గీకిన చప్పుడు రికార్డింగులో వినబడకపోతే జరుగుతున్నది అదే.

48 వోల్టుల మీట ఉన్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ తీసుకుంటే ఈ మైకే పనికొస్తుంది. ఫోనుకు ఓటీజీ తీగతో కలిపితే కరెంటు చాలక ఇంటర్‌ఫేస్ ఆగి ఆగి వెలగొచ్చు. సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. అంతదాకా ఫోనునే వాడండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కింది అంచున ఉన్న రంధ్రం నోటివైపు తిప్పి, జానెడు దూరంలో ఉంచి, వేవ్ (శబ్దాన్ని కుదించని) ఫార్మాట్‌లో దాచే యాప్‌తో రికార్డు చేయండి. నా లెక్కలో ఇప్పుడున్న ఏర్పాటుకన్నా అదే నయం.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర. వీణ, గాత్రం కలిపి రికార్డు చేస్తాం. వీణకు పికప్ (వీణ అదురును సంకేతంగా మార్చే చిన్న బిళ్ల) అతికించాం. ఎప్పుడూ 'జుంయ్' మని మోత. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, చార్జర్ పెడితే పెరుగుతుంది. మీరేటంటారు?

జవాబు: సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. అది మన కరెంటు 50 హెర్ట్జ్ మోత, దాని రెట్టింపులు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత పోతే చార్జర్ దారిన వస్తోంది. రెండు పిన్నుల చార్జర్లతో ఇది మామూలే. పోకపోతే ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, డిమ్మరు ఉన్న లైట్లు ఒక్కొక్కటీ ఆపుతూ వినండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద రికార్డింగు పెట్టుకోకండి, దాని గరగర ఏ తీగలోనైనా దూరుతుంది.

పికప్ తీగ అసలు బలహీనం. గాత్రం మైకు తీగలో సంకేతం రెండు తీగల మీద ఎదురెదురుగా నడుస్తుంది కాబట్టి దారిలో అంటిన మోత చివర్లో కొట్టుకుపోతుంది. పికప్‌కు ఆ రక్ష లేదు. తీగ మూడు మీటర్లు దాటనివ్వకండి, ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మీట వేయండి, లేదా డీఐ బాక్సు (పికప్ సంకేతాన్ని మైకు తీగలో నడిచేలా మార్చే చిన్న పెట్టె) పెట్టండి. స్విచ్‌బోర్డులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి, అది ప్రాణాలతో చెలగాటం.

ప్రశ్న: పలాస. కరోకే ట్రాక్ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటూ పాడితే నా గొంతు తాళం తప్పుతోంది. తాళం నాకు బాగానే వచ్చు.

జవాబు: మీ తాళం మీద అనుమానం అక్కర్లేదు. బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. చెవులను పూర్తిగా మూసే తీగ హెడ్‌ఫోన్స్ వాడండి. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ మీట ఆన్ చేయండి, మీ గొంతు కంప్యూటరు దాకా పోకుండా నేరుగా చెవికి వస్తుంది. సాఫ్ట్‌వేర్లో బఫర్ (శబ్దాన్ని కాస్త పోగుచేసి పంపే ముక్క పరిమాణం) 128 శాంపిల్స్ పెట్టండి, టిక్ టిక్ మంటే 256కు పెంచండి.

ప్రశ్న: సముద్రం పక్కన, బారువలో ఉంటాం. వానాకాలంలో కండెన్సర్ మైకు చిటపటలాడుతోంది.

జవాబు: లోపలి పొరకు చెమ్మ పట్టింది. మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఒకట్రెండు రోజులు ఉంచండి. వాడేముందు ఫాంటమ్ పవర్ ఇచ్చి పావుగంట ఆగండి. బియ్యంలో పెట్టకండి, నూకపొడి జాలీలోంచి లోపలికి పోతుంది. హెయిర్ డ్రయర్ అసలే వద్దు.

ప్రశ్న: ఆమదాలవలసలో స్టేషన్ దగ్గర ఇల్లు. గోడలకు ఫోమ్ వేయిస్తే రైళ్ల చప్పుడు ఆగుతుందా? ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించడం) చేస్తే గొంతు నీళ్లలో పాడినట్టయింది.

జవాబు: ఆగదు. ఫోమ్ గది లోపలి మోతను తగ్గిస్తుంది తప్ప బయటి చప్పుడును అడ్డుకోదు. అడ్డుకోవాలంటే బరువు కావాలి, సందులు మూయాలి. తలుపు కింద, కిటికీ రెక్కల చుట్టూ రబ్బరు పట్టీ వేస్తే కూతల పదును కొంత తగ్గుతుంది. పట్టాల అదురు నేల గుండా వస్తుంది కనుక అద్దె ఇంట్లో దానికి మందు లేదు. మైకు స్టాండు కింద మందపాటి రబ్బరు చాప వేసి, 80 హెర్ట్జ్ కింద కోసేయండి.

నాయిస్ రిడక్షన్ మారకుండా ఉండే చప్పుడుకే పనికొస్తుంది: ల్యాప్‌టాప్ ఫ్యాను, ట్యూబులైటు లాంటివాటికి. హౌరా, చెన్నై లైనులో వచ్చే ప్రతి బండీ ఒక్కో రకంగా మోగుతుంది, దాన్ని నమూనాగా ఇస్తే సాఫ్ట్‌వేరు గొంతును కూడా కొరుకుతుంది. రికార్డింగు మొదట్లో మూడు సెకన్లు ఊపిరి బిగబట్టి మౌనంగా ఉండండి, ఆ ముక్కనే నమూనాగా ఇవ్వండి. తగ్గింపు 6 డెసిబెల్స్ చాలు, 9 దాటితే నీళ్ల చప్పుడు మొదలవుతుంది. కూత పడిన చరణాన్ని బాగుచేయాలని చూడకండి. అంతకుముందు పాదం నుంచి ప్లే చేసి, అదే దూరంలో, అదే గెయిన్‌తో ఆ చరణం మళ్లీ పాడి అతికించండి.