ఐ చింగ్‌లో సమతుల్యం అంటే సగం-సగమేనా? మూడు నాణేలు చాలవా, యాభై పుల్లలే కావాలా?

మీరు అడిగినవి రెండు. చీకటి-వెలుగుల్లాంటి యిన్-యాంగ్ జంట అంటే సమతుల్యమని అందరూ చెబుతుంటే, జోస్యానికి వాడే ప్రాచీన చైనా పుస్తకం ఐ చింగ్‌ని మార్పుల గ్రంథమని ఎందుకంటారన్నది ఒకటి. ప్రశ్నకు జవాబుగా చదివే గుర్తు వేయడానికి మూడు నాణేలు చాలవా, పుల్లలే కావాలా అన్నది రెండోది. రెండోదాని లెక్క తెలిస్తే మొదటిదానికి జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది, అందుకే అక్కడ మొదలుపెడతాను.

ఆ గుర్తును హెక్సాగ్రామ్ అంటారు, అందులో ఆరు గీతలుంటాయి. ఒక్కో గీతకు 6, 7, 8, 9లో ఏదో ఒక అంకె పడుతుంది. 7 అంటే నిలకడగా ఉన్న యాంగ్, 8 అంటే నిలకడగా ఉన్న యిన్. 9 ముదిరిపోయిన యాంగ్, అది యిన్‌గా మారుతుంది. 6 ముదిరిన యిన్, అది యాంగ్‌గా మారుతుంది. యాంగ్‌ను అఖండంగా గీస్తారు, యిన్‌ను మధ్యలో తెంపి గీస్తారు.

రెండు పద్ధతులూ ఎలా చేయాలో కింద చెబుతాను, ముందు లెక్క చూడండి. నాణేలతో వేస్తే 16 సార్లకు సగటున 6 రెండుసార్లు, 7 ఆరుసార్లు, 8 ఆరుసార్లు, 9 రెండుసార్లు వస్తాయి. పుల్లలతో అయితే 6 ఒక్కసారి, 7 ఐదుసార్లు, 8 ఏడుసార్లు, 9 మూడుసార్లు. రెండింట్లోనూ యిన్ మొత్తం ఎనిమిది, యాంగ్ మొత్తం ఎనిమిది. అంటే వాటా సమానమే. తేడా అంతా మారే గుణంలో ఉంది. నాణేల్లో యిన్ అయినా యాంగ్ అయినా నాలుగింట ఒకసారి మారుతుంది. పుల్లల్లో యాంగ్ ఎనిమిదింట మూడుసార్లు మారితే, యిన్ ఎనిమిదింట ఒక్కసారే మారుతుంది. కదిలే స్వభావం యాంగ్‌ది, ఉన్నచోట ఉండే స్వభావం యిన్‌ది అన్న పాత భావన ఆ లెక్కలోనే కనిపిస్తుంది. నాణేలు ఆ భేదాన్ని చెరిపేస్తాయి. నాణేలు తప్పని అనను, పని రెండు నిమిషాల్లో అవుతుంది. కానీ మీరు అడుగుతున్నది సమతుల్యం గురించి కాబట్టి పుల్లల పద్ధతి ఒకసారైనా చేసి చూడాలి.

అసలు పద్ధతిలో యారో అనే మొక్క ఎండుకాడలు వాడతారు. మనకు కొబ్బరి ఈనెలు చాలు: జానెడు పొడవున, ఒకే లావువి 50. ఒకటి తీసి పక్కన పెట్టేయండి, మళ్లీ దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 49ని చూడకుండా, లెక్కపెట్టకుండా రెండు కుప్పలుగా విడదీయండి. కుడి కుప్పలోంచి ఒక పుల్ల తీసి ఎడమచేతి చిటికెనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పెట్టండి. ఎడమ కుప్పను నాలుగేసి చొప్పున తీసేస్తూ పోతే చివర 1, 2, 3 లేదా 4 మిగులుతాయి. వాటిని ఉంగరపువేలికీ మధ్యవేలికీ నడుమ పెట్టండి. కుడి కుప్పకూ అంతే, మిగిలినవి మధ్యవేలికీ చూపుడువేలికీ నడుమ. ఇప్పుడు వేళ్ల మధ్య ఉన్నవన్నీ కలిపితే 5 కానీ 9 కానీ అవుతాయి. వాటిని పక్కన పెట్టి, మిగిలిన 44 లేదా 40 పుల్లలతో ఇదంతా మళ్లీ చేయండి. ఈసారి 4 లేదా 8 వస్తుంది. మూడోసారీ 4 లేదా 8. చివరికి మిగిలేవి 36, 32, 28 లేదా 24. నాలుగుతో భాగిస్తే 9, 8, 7, 6. ఇది ఒక గీత. ఆరు గీతలకు పద్దెనిమిది విడదీతలు. అలవాటైనవాళ్లకు ఇరవై నిమిషాలు, కొత్తవాళ్లకు అరగంట పైనే.

మొదటి విడతలో వేళ్ల మధ్య 9 పుల్లలు అరుదుగా రావడమే పైన చెప్పిన తేడాకంతా మూలం. ఒక పుల్ల తీశాక మిగిలినవి 48. ఎడమన 1 మిగిలితే కుడిన 3, 2కి 2, 3కి 1. వేలి మధ్య పుల్లతో కలిపి మూడింట్లోనూ 5. ఎడమన 4 మిగిలినప్పుడే కుడినా 4 మిగిలి 9 అవుతుంది. అంటే నాలుగింట ఒకసారి. రెండో, మూడో విడతల్లో మాత్రం 4కీ 8కీ చెరిసగం అవకాశం.

ఎక్కువమంది తప్పేది శేషం దగ్గర. కుప్ప నాలుగుతో సరిగ్గా తెగితే శేషం సున్నా అనుకుంటారు. ఇక్కడ శేషం 4 అని తీసుకోవాలి, ఆఖరి నాలుగూ వేళ్ల మధ్యకు రావాలి. రెండో విడతలో చిటికెనవేలి పుల్ల తీయడం మరిచిపోవడం ఇంకొకటి. మొదటి విడతలో 5, 9 కాకుండా, తర్వాతి విడతల్లో 4, 8 కాకుండా వేరే సంఖ్య కనిపిస్తే ఆ ఒక్క గీతను కొట్టేసి 49తో మళ్లీ మొదలుపెట్టండి. సర్దుబాటు చేయొద్దు. ఇక గీతలను కిందినుంచి పైకి రాయాలి. పైనుంచి రాస్తే హెక్సాగ్రామే వేరైపోతుంది, మొదటికే మోసం.

నాణేలతోనే చేస్తానంటే ఒకే రకం నాణేలు మూడు తీసుకోండి. బొమ్మకు 3, బొరుసుకు 2 అని ముందే అనుకుని కూడండి. ఏ వైపు యాంగ్ అన్నదాంట్లో పుస్తకాలు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. ఏదో ఒకటి పెట్టుకోండి, మధ్యలో మార్చకండి. పుల్లల లెక్కే కావాలి, అంత ఓపిక లేదంటారా? నాలుగు రంగుల పూసలు 16 తీసుకోండి: ఒక రంగువి 1, రెండోవి 5, మూడోవి 7, నాలుగోవి 3. అవి వరుసగా 6, 7, 8, 9కి. సంచీలోంచి చూడకుండా ఒకటి తీసి, రాసుకుని, తిరిగి లోపలే వేసి కలపాలి. తిరిగి వేయకపోతే లెక్క చెడుతుంది.

గ్రంథంలో ప్రతి హెక్సాగ్రామ్‌కూ ఒక తీర్పు వాక్యం, అందులోని ప్రతి గీతకూ ఒక వాక్యం ఉంటాయి. వచ్చిన గుర్తుకు వీటిలో ఏవి చదవాలో చెప్పే, 12వ శతాబ్దపు చైనా పండితుడు జు షీ ఇచ్చిన నియమాలు వాడుకలో ఉన్నాయి. మారే గీత లేకపోతే హెక్సాగ్రామ్ తీర్పు వాక్యం చదవాలి. ఒకటుంటే ఆ గీత వాక్యం. రెండుంటే రెండూ, అందులో పైదానికి ప్రాధాన్యం. మూడుంటే పాత హెక్సాగ్రామ్, మారాక వచ్చిన హెక్సాగ్రామ్ రెండింటి తీర్పులూ. నాలుగుంటే కొత్త హెక్సాగ్రామ్‌లో మారని రెండు గీతలు, కిందిది ముఖ్యం. ఐదుంటే మారని ఆ ఒక్కటి. ఆరూ మారితే కొత్తదాని తీర్పు, మొదటి రెండు హెక్సాగ్రామ్‌లకు మాత్రం ప్రత్యేక వాక్యాలున్నాయి. నాణేలైనా పుల్లలైనా సగటున మారే గీతలు ఒకటిన్నర. నాలుగు, అంతకు మించి మారడం నూటికి నాలుగుసార్ల లోపే. కాబట్టి మొదటి నాలుగు నియమాలు కంఠతా వస్తే రోజూ వాడకానికి సరిపోతుంది.

ఇప్పుడు సమతుల్యం సంగతి. కింది నుంచి 7, 8, 7, 8, 9, 8 వచ్చిందనుకోండి. ఇది 63వ హెక్సాగ్రామ్ జీజీ: కింది మూడు గీతల జట్టు నిప్పు, పై మూడింటి జట్టు నీళ్లు. 1, 3, 5 స్థానాలు యాంగ్‌వి, 2, 4, 6 యిన్‌వి అంటారు. ఆరు గీతలూ వాటి వాటి చోట ఉన్న హెక్సాగ్రామ్ మొత్తం 64లో ఇదొక్కటే. మనం అనుకునే సమతుల్యానికి ఇంతకు మించిన బొమ్మ లేదు. దాని తీర్పు వాక్యం మాత్రం మొదట శుభం, చివర గందరగోళం అంటుంది. అన్నీ సర్దుకున్నాక ఇక కదలడానికి మిగిలింది చెదరడమే. ఐదో గీత వాక్యంలో తూర్పు పొరుగువాడు ఎద్దును బలిచ్చినా, పడమటి పొరుగువాడి చిన్న నైవేద్యానికే ఫలం దక్కుతుంది. ఆ గీత మారితే వచ్చేది 36వది, మింగ్‌యీ: భూమి కింద అణిగిన వెలుగు. పనంతా కుదిరిందని ఆర్భాటం పెంచుతున్నవారికి ఇది సూటిగా తగిలే జవాబు. గ్రంథం చివర 64వదిగా నిలిచింది వెయ్‌జీ. అందులో ఆరు గీతలూ తప్పు చోటనే ఉన్నాయి, ముగింపు మాత్రం దానిదే.

11, 12 జంట కూడా చూడండి. ఆకాశం పైన, భూమి కింద ఉంటే సరైన అమరిక అనిపిస్తుంది; అది 12వది, పీ, స్తంభన. భూమి పైన, ఆకాశం కింద ఉన్నది 11వది, థాయ్, శాంతి. ఆకాశం పైకి పోతుంది, భూమి కిందికి దిగుతుంది. కాబట్టి మొదటిదాంట్లో అవి ఒకదానికొకటి దూరమవుతాయి, రెండోదాంట్లో ఎదురుపడి కలుస్తాయి.

చైనా చాంద్రమాన నెలలకు కేటాయించిన పన్నెండు హెక్సాగ్రామ్‌ల వరుసలో ఇదే ఇంకా తేటగా తెలుస్తుంది. పదకొండో నెల, డిసెంబరు దక్షిణాయనాంతం పడే నెల, 24వ హెక్సాగ్రామ్ ఫూది: ఐదు యిన్ గీతల కింద ఒక్క యాంగ్. అసలు గడ్డకట్టే చలి జనవరిలో గానీ రాదు, యాంగ్ అప్పటికే అడుగున పుట్టి ఉంటుంది. నాలుగో నెలలో ఆరూ యాంగ్. ఐదో నెలలో, జూన్ ఉత్తరాయనాంతానికి, 44వదైన గౌలో అడుగున ఒక యిన్. చైనాలో ఎండలు అప్పటికి ఇంకా పెరుగుతూనే ఉంటాయి. వరుస మొత్తంలో యిన్-యాంగ్ మూడు-మూడుగా ఉండేది మొదటి నెలా ఏడో నెలా మాత్రమే, అవే థాయ్, పీ. రెండూ సగం-సగమే, అర్థాలు మాత్రం విరుద్ధం.

మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇంకొకటి: చైనా సంప్రదాయంలోని కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదింటిని పంచభూతాలతో కలిపేయడం. వాయువూ ఆకాశమూ అందులో లేవు; అవి పదార్థాలకంటే దశలు, ఒకటి ఇంకొకదాన్ని పుట్టిస్తుంది, వేరొకదాన్ని అదుపు చేస్తుంది. మూల గ్రంథంలో ఈ ఐదింటి పద్ధతి లేదు, తర్వాత హాన్ రాజవంశ కాలంలో జతచేశారు. మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగేటప్పుడు "అవుతుందా, కాదా" అని అడగొద్దు. "ఈ పని ఇలా చేస్తే పరిస్థితి ఎటు వెళ్తుంది" అని ఒక వాక్యంలో రాసి, తేదీ వేసి, అప్పుడు పుల్లలు పట్టండి. నచ్చని జవాబు వచ్చిందని వెంటనే మళ్లీ వేయొద్దు. 4వ హెక్సాగ్రామ్ మెంగ్ తీర్పులోనే ఉంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారీ మూడోసారీ అడిగితే చెప్పను అని. పరిస్థితిలో ఏదైనా నిజంగా మారితే అప్పుడు కొత్త ప్రశ్నగా రాసి వేయండి.