గాయపడిన పెట్టకు ఇంట్లో సేవ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ముద్దుగా పెంచుకుంటున్న పెట్టల గురించే. ఒకే సంగతి మీద వచ్చినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న (చంద్రగిరి నుంచి ఒక పాఠకురాలు): మా నాటు పెట్టను సాయంత్రం వీధికుక్క పట్టింది. అదిలించి విడిపించినాము. వీపు మీద ఈకలు ఊడినాయి, నెత్తురు పెద్దగా కారలేదు. పసుపు, కొబ్బరినూనె పూసి గంప కింద మూసినాము. కళ్లు మూసుకుని, ఈకలు ఉబ్బించుకుని నిలబడుకోనుంది. ఇంకేం చేయాల?

జవాబు: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే గాయం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పట్టుకుని, కడిగి, పూసి, బలవంతాన తినిపించి ఆఖరున గంప కింద పెడతారు. అప్పటికే బెదిరిన ప్రాణి ఇంత హడావిడి తట్టుకోలేదు.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. ఈకలు ఊడి, మేత మానేసిన పెట్ట ఆ వేడిని నిలుపుకోలేదు. ఈకలు ఉబ్బించుకోవడం చలికి గుర్తే. పెద్ద అట్టపెట్టెలో గోనెపట్టా మడిచి పరవండి. న్యూస్‌పేపరు మీద కాళ్లు జారతాయి, రంపపు పొట్టు గాయానికి అంటుకుంటుంది. పెట్టెకు ఒక పక్కన మాత్రమే 60 వాట్ల పాత రకం గుండు బల్బు వేలాడదీయండి. అట్టకు, గుడ్డకు తగలనంత ఎత్తులో ఉండాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గాని వేడెక్కించదు. బల్బు పక్క 28 నుంచి 30 డిగ్రీలు ఉంటే చాలు. రెండో పక్క చల్లగా వదిలితే పెట్ట తనకు కావలసిన చోటికి అదే జరుగుతుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడి ఎక్కువైనట్టు. తిరుపతి ఎండాకాలంలో పగలు బల్బు అవసరమే రాదు. గాలి ఆడే నీడ చూడండి.

గంట సేపు అలా వదిలాక కాస్త తేరుకుంటే నీళ్లు పట్టండి (ఎలాగో కింద పుంగనూరు ప్రశ్నకు జవాబులో ఉంది), తర్వాత గాయం చూడండి. కుక్క పంటి గాటు పైకి చిన్న చిల్లుగానే కనిపిస్తుంది, లోపల కండ నలిగి ఉంటుంది. వీపు ఒక్కటే చూస్తే చాలదు. రెక్కల కింద, తొడల లోపలి వైపు, తోక మొదట్లో ఈకలు ఎదురు దువ్వి చూడాలి. గాటు చుట్టూ ఈకలను కత్తెరతో కత్తిరించండి. పీకితే చర్మం చిరుగుతుంది. మందుల షాపులో దొరికే సెలైన్‌తోగాని, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు (సుమారు ఒకటిన్నర టీస్పూను) కలిపిగాని, సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో గాటు లోపలికి ధారగా కొట్టండి. తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత 5 శాతం పోవిడోన్ అయోడిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పలచటి టీ డికాషన్ రంగు వచ్చాక దానితో తుడవండి. ఇలా రోజుకు రెండుసార్లు.

పసుపూ నూనె కలిపిన పూతతో పై గీతలకు పెద్ద హాని లేదు. లోతు గాటు మీద మాత్రం అది పెచ్చుకట్టి నోరు మూసేస్తుంది. కోడికి చీము మనకు లాగా కారిపోదు, లోపలే గట్టి పసుపు ముద్దగా పేరుకుంటుంది. మూత పడిన గాటు లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ వాడితే కొత్తగా పుట్టే కండ కూడా మాడుతుంది. గాటును ఇంట్లో కుట్టే ప్రయత్నం అసలే వద్దు.

కుక్క, పిల్లి, ముంగిస పట్టిన కోడికి యాంటీబయాటిక్ తప్పదు. 24 గంటల్లోపు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మీకు తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి ఆసుపత్రి దగ్గరే. గాటు పక్కన చర్మం కింద గాలి చేరి ఉబ్బి, నొక్కితే చిటపటమంటుంటే ఊపిరికి అనుబంధంగా ఉండే గాలి సంచి చిరిగి ఉండవచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకండి.

అదే పాఠకురాలు: కుక్కకు పిచ్చి ఉంటే కోడికి అంటదా?

జవాబు: రేబిస్ పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. కోడి గురించి భయం వద్దు, మీ చేతులు చూసుకోండి. కుక్క చొంగతో తడిసిన ఈకలను చేతి మీద పుండుతో తాకి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రిలో చూపించండి.

ప్రశ్న (పుంగనూరు): జబ్బు కోడి ముక్కు తెరిచి గ్లాసుతో నీళ్లు పోస్తే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోయింది. ఎలా తాగించాలి?

జవాబు: కోడి నాలుక వెనకనే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్లు నేరుగా అందులోకి దిగుతాయి. సిరంజి కొనను ముక్కు పక్క అంచుకు తాకించి ఒక్కో చుక్క వదలండి. గుటక వేశాకే మరో చుక్క. తల ఎత్తి పట్టకండి, నిద్రమత్తులో తూలుతున్నదానికి అసలు పట్టకండి. కిలో బరువుకు రోజుకు కనీసం 50 మి.లీ. లోపలికి పోవాలి. అంటే కిలోన్నర పెట్టకు 75 మి.లీ., ఐదేసి మి.లీ. చొప్పున 15 సార్లు. మొదటి రోజు, రెండో రోజు ఓఆర్‌ఎస్ నీళ్లు మంచివి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. కలిపినది మర్నాటికి ఉంచకుండా పారబోయాలి. మూడో రోజు నుంచి మంచినీళ్లే.

మేత తొందర లేదు. నీళ్లు తాగి రెట్ట వేశాక ఉప్పు వేయని పలచటి రాగిజావ, చిదిమిన ఉడికించిన గుడ్డు సొన కొంచెం కొంచెంగా పెట్టండి. (కోడికి కోడిగుడ్డేమిటని అడుగుతున్నారు చాలామంది. ఉడికించిన సొనకు తప్పేమీ లేదు.) మిగిలిపోయిన ఉప్పన్నం, పాలు వద్దు. బూజు పట్టిన చెనిక్కాయల చెక్క ఎంత ఆశగా తిన్నా పెట్టకండి, అందులోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

పొద్దున్నే మెడ కింద కుడి పక్కన మేతసంచిని తడిమి చూడండి. రాత్రి తిన్నది తెల్లారేసరికి ఖాళీ కావాలి. మెత్తగా నిండే ఉండి నోరు పుల్లటి వాసన వస్తుంటే మేత ఆపి డాక్టరుకు చూపండి. తలకిందులు చేసి కక్కించడం పల్లెల్లో అలవాటు. ఆ పనితోనే కొన్ని కోళ్లు ఊపిరాడక పోతాయి. వంటింటి తూకం ఉంటే రోజూ మేతకు ముందు తూచి రాసుకోండి. కిలోన్నర పెట్ట 150 గ్రాములు తగ్గిందంటే పైకి చురుగ్గా కనిపించినా నమ్మకండి. కోడి జబ్బు దాచుకోవడంలో దిట్ట. రెట్ట కొద్దిగా, ముదురు ఆకుపచ్చగా వస్తుంటే కడుపులోకి మేత పోవడం లేదని అర్థం.

ప్రశ్న (నగరి): కాలు విరిగింది. పుత్తూరు కట్టు మాకు దగ్గరే. ఆ పద్ధతిలో కట్టించవచ్చా?

జవాబు: మనుషుల ఎముకలకు ఆ కట్టు కట్టించుకున్న ఇళ్లు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. కోడి కాలికి మాత్రం ఆ బరువు ఎక్కువ. తడి ఆకు ముద్ద కింద చర్మం నానుతుంది, పెట్ట ఆ కట్టును పొడిచి తింటుంది కూడా.

మొదట ఎక్కడ విరిగిందో చూడండి. ఈకల్లో దాగిన తొడ ఎముక అయితే ఇంటి కట్టు ఏదీ పనికిరాదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే శుభ్రమైన తడి గాజుగుడ్డ కప్పి ఆసుపత్రికి పోవాలి. పొలుసులున్న కింది కాలు విరిగి చర్మం చిరగకపోతే, పలచగా దూది చుట్టి, రెండు పక్కలా ఐస్‌క్రీమ్ పుల్లలు ఆనించి, పైన మడమ కీలు, కింద వేళ్ల కీలు రెండూ కదలకుండా మైక్రోపోర్ టేపు చుట్టండి. గంట తర్వాత వేళ్లు తాకి చూడండి. చల్లగా, నల్లగా ఉంటే బిగువు ఎక్కువైంది, విప్పి మళ్లీ కట్టండి. ఎముక అతకడానికి దాదాపు మూడు వారాలు. అన్నాళ్లూ గెంతడానికి వీల్లేని పెట్టెలోనే ఉండాలి.

రెక్క జారితే మడిచి ఒంటికి చేర్చి కట్టవచ్చు, రొమ్ము చుట్టూ మాత్రం బిగించకండి. కోడికి మనలాగా రొమ్ముకూ కడుపుకూ మధ్య ఊపిరి పొర (డయాఫ్రమ్) లేదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. కట్టు కింద వేలు దూరాలి. వారం దాటి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది.

నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర ఏదీ వేయకండి. రాబందులను చంపిన డైక్లోఫెనాక్‌ను 2006లో పశువులకు నిషేధించారు, కోళ్ల మూత్రపిండాలనూ అది చెడగొడుతుంది. నొప్పి తెలియకుండా తిమ్మిరి ఎక్కించే మనుషుల జెల్‌లు కూడా పక్షులకు ప్రమాదం.

ప్రశ్న (పీలేరు): గాయంలో పురుగులు పడినాయి. ఫినాయిలు పోయమంటున్నారు.

జవాబు: ఫినాయిలు, పెట్రోలు, టర్పెంటైన్ ఏదీ వద్దు. ఇవి చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతాయి. సెలైన్ ధారతో కడుగుతూ చిమటాతో ఒక్కొక్కటే ఏరండి, నాలుగు గంటలకోసారి మళ్లీ చూడండి. ఈగ గుడ్లు ఒక రోజు లోపే పగులుతాయి. పెట్టెకు దోమతెర కప్పి ఉంచడమే అసలు మందు.

ప్రశ్న (పలమనేరు): గాయపడిన పెట్టను చూసుకుంటుంటే ఇంకొకటి పచ్చగా పారుకుంటోంది. నోరు తెరిచి ఎగపోస్తోంది, మెడ తిప్పుకుంటోంది.

జవాబు: కొక్కెర తెగులు అనుమానించాలి. అది వైరస్ వల్ల వస్తుంది, నయం చేసే మందు లేదు. వెంటనే వేరు చేసి, బాగున్నవాటికి ముందు, జబ్బుదానికి చివరన మేత వేయండి. చేతులు, చెప్పులు, నీళ్ల గిన్నె వేరు. టీకా ముందుగానే వేయించాలి. లసోటా అనే టీకా పిల్ల పుట్టిన 7వ రోజు, ఆర్2బి అనే టీకా 8 వారాల వయసుకు. జబ్బు కోడికి టీకా వేయకూడదు. వరసగా కోళ్లు చస్తుంటే పశువైద్యాధికారికి చెప్పండి, కళేబరాలు కాలవలో పారేయకండి.

ప్రశ్న (తిరుపతి): ఎప్పుడు మందలోకి వదలాలి? మందులు వాడిన పెట్ట గుడ్డు తినవచ్చా?

జవాబు: ఎర్రగా కనిపిస్తే మిగతావి పొడుస్తాయి కాబట్టి గాయం మీద చర్మం పూర్తిగా కప్పుకున్నాకే. నాలుగైదు రోజులు జాలీ గూట్లో మంద పక్కనే ఉంచి, తర్వాత చీకటి పడ్డాక గూట్లో వాటి సరసన కూర్చోబెట్టండి. మొదటి రోజు మేత రెండు చోట్ల వేయండి. గుడ్ల మాటకొస్తే, మందు రాసేటప్పుడే ఆపిన తర్వాత ఎన్ని రోజులు తినకూడదో డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి. ఆ రోజుల్లో పెట్టిన గుడ్లు పొదగేయడమూ వద్దు, ఇరుగుపొరుగుకు ఇవ్వడమూ వద్దు.