మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం: ఏ టెంపో సరైనది?

బీథోవెన్ పియానో రచన మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం వాయిస్తుంటే మెలడీ తెగిపోతోందని, విన్న రెండు రికార్డింగుల వేగం వేరుగా ఉందని, ఏ టెంపో (వేగం) సరైనదని అడిగారు. మీరు బార్‌కి (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య భాగానికి) నాలుగు బీట్లు లెక్కపెడుతున్నట్టున్నారు. మెలడీ మధ్యలో తెగిపోతోందంటే ఎక్కువసార్లు కారణం అదే.

స్వరలిపి మొదట్లో అడాజియో (నెమ్మదిగా) అనే మాట చూడగానే అందరూ నెమ్మదిస్తారు. దాని పక్కనే ఉన్న టైమ్ సిగ్నేచర్‌ని (బార్‌కి ఎన్ని బీట్లో చెప్పే గుర్తుని) మాత్రం వదిలేస్తారు. అక్కడున్నది నిలువు గీత కొట్టిన సి, అంటే బార్‌కి రెండే బీట్లు. ఒక్కో బీట్ ఒక హాఫ్ నోట్ (సగం బార్), అడాజియో దానికి వర్తిస్తుంది.

ఇలా చేసి చూడండి:

1. ట్రిప్లెట్లు (మధ్యలో మూడేసిగా సాగే స్వరాలు) వదిలేసి, ఎడమచేతి బాస్, పై మెలడీ మాత్రమే వాయించండి.
2. మూడో బార్‌లో బాస్ సగం బార్‌కి ఒకసారి మారుతుంది. ఆ మార్పునే బీట్‌గా పట్టుకోండి.
3. మెలడీని గొంతుతో పాడండి. ఒక్కో వాక్యం ఒకే ఊపిరిలో వచ్చే వేగం మీ టెంపో.
4. ఇప్పుడు ట్రిప్లెట్లు చేర్చండి. మెట్రోనోమ్‌ని (వేగాన్ని కొలిచే పరికరాన్ని) క్వార్టర్ నోట్‌కి (హాఫ్ నోట్‌లో సగానికి) నిమిషానికి 54 నుంచి 60 మధ్య పెట్టి మొదలుపెట్టండి.

మీరు విన్న రెండు రికార్డింగుల్లో ఏదీ తప్పు కాదు. ఈ సొనాటా 1801 నాటిది, మెల్జెల్ మెట్రోనోమ్‌కి పేటెంట్ 1815లో వచ్చింది. బీథోవెన్ దీనికి మెట్రోనోమ్ అంకె ఇవ్వలేదు. పియానిస్టు ఆండ్రాష్ షిఫ్ చాలామందికంటే వేగంగా వాయిస్తారు, నాకు అదే నచ్చుతుంది.

స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్‌ని మొదటి నుంచి చివరిదాకా తొక్కి ఉంచకండి. ఇప్పటి పియానోలో శబ్దం ఎక్కువసేపు నిలిచి స్వరాలు కలిసిపోతాయి. బాస్ మారినప్పుడల్లా పెడల్ వదిలి మళ్లీ తొక్కండి.