పాత గొడ్డలి కొన్నారా? ముందు గ్రైండర్ పక్కన పెట్టండి

మీరు అడిగారు – మేం చెబుతున్నాం: పాత చేతి పనిముట్లు

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత గొడ్డలి తల ఒకటి కొన్నాను. అంతా తుప్పు. కంతలో (కామ దూరే రంధ్రంలో) విరిగిన కామ (చెక్క పిడి) ముక్క ఇరుక్కుని ఉంది. నిప్పుల్లో వేస్తే చెక్క కాలిపోతుందని, తర్వాత గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్దమని తెలిసినవాళ్ళు అంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండూ వద్దు. గొడ్డలి విలువంతా వాదర (కోసే అంచు) దగ్గరి గట్టి ఉక్కులో, ఆ ఉక్కుకు కమ్మరి పెట్టిన పాయనలో, అంటే కాల్చి ముంచి తెచ్చిన గట్టిదనంలో ఉంటుంది. నిప్పుల్లో పడితే పాయన పోతుంది. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును ఒక పూట కూడా నిలవదు. కామ ముక్కలో 6 మి.మీ. బిట్టుతో పక్కపక్కనే నాలుగైదు రంధ్రాలు వేయండి. లోపల పాత మేకులు ఉంటే బిట్టు విరుగుతుంది, ముందే చూసుకోండి. తర్వాత తలను వైస్ దవడల మీద బోర్లించి, మిగిలిన చెక్కను ఇనుప కడ్డీతో కొడితే ఊడి వస్తుంది. కామ పైనుంచి దూర్చిన రకమైతే చెక్క కింది నుంచి పైకే వస్తుంది. కంత ఏ వైపు వెడల్పుగా ఉందో చూసి కొట్టండి.

తుప్పు తీయడానికి నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, తల పూర్తిగా మునిగేలా ప్లాస్టిక్ బకెట్లో ఉంచండి. అంతకు ముందు కిరోసిన్‌తో జిడ్డు తుడవాలి. జిడ్డున్న చోట ఆమ్లం పని చేయదు, మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. రెండు గంటలకోసారి తీసి ఇత్తడి బ్రష్షుతో రుద్ది చూడండి. మామూలు తుప్పు ఐదారు గంటల్లో వదిలిపోతుంది. రాత్రంతా వదిలేసి మరిచిపోతే మంచి ఇనుము కూడా కరిగి గరుకుగా తయారవుతుంది. బయటికి తీయగానే లీటరు నీటికి రెండు చెంచాల వంట సోడా కలిపి కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. తడిగా పది నిమిషాలు వదిలినా కళ్ళ ముందే పసుపు తుప్పు మళ్ళీ పడుతుంది.

తుప్పు పొరలు పొరలుగా కట్టిన పెద్ద తలలకు కరెంటు పద్ధతి మేలు. లీటరు నీటికి ఐదారు గ్రాముల చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు కావాలి. నెగటివ్ తీగ గొడ్డలికి, పాజిటివ్ తీగ పనికిరాని మామూలు ఇనుప ముక్కకు తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం ఎప్పుడూ వాడకండి, నీటిలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు.

శుభ్రమయ్యాక పక్కలు చూడండి. అక్షరాలేమైనా కనిపిస్తే అక్కడ బ్రష్షు తప్ప మరేదీ తగలనివ్వకండి. ఎల్వెల్, గిల్పిన్, బ్రేడ్స్ వంటి ముద్రలు ఉంటే అది ఇంగ్లండ్ మధ్య ప్రాంతపు కర్మాగారాల సరుకు. బాణం గుర్తు, పక్కన సంవత్సరం ఉంటే బ్రిటిష్ ప్రభుత్వానికి చేసింది. చదవగలిగే ముద్ర ఉన్న తలను సేకరించేవాళ్ళు వెతుక్కుంటారు. అద్దంలా మెరిపించి ముద్ర పోగొట్టిన తల వాళ్ళ దృష్టిలో కిలోల లెక్కన అమ్మే ఇనుమే. గుంతల్లో మిగిలిన నల్లటి పొరతో ఏ ప్రమాదమూ లేదు, అలాగే ఉండనివ్వండి.

ఇక వీపు వైపు, అంటే వాదరకు ఎదురు వైపు చూడండి. సుత్తిలా వాడిన తల అయితే అంచులు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటాయి. దెబ్బ పడినప్పుడు ఆ అంచు ముక్క తెగి కంట్లోకి ఎగురుతుంది కాబట్టి ఆకురాయితో తీసేయండి. కంత మూలల్లో సన్నటి పగులు ఉందేమో భూతద్దంతో వెతకండి. పగులుంటే గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికి రాదు. వెల్డింగు చేయించి వాడదామనే ఆలోచన వదిలేయండి.

ప్రశ్న: వాదర మొద్దుబారిందని బెంచి గ్రైండర్ మీద పట్టాను. అంచు వెంట నీలి రంగు వచ్చింది. ఇప్పుడు చిన్న కొమ్మ కొట్టినా వాదర మడత పడుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ నీలి రంగే కారణం. శుభ్రంగా ఉన్న ఉక్కు వేడెక్కుతున్నకొద్దీ రంగు మారుతుంది: సుమారు 220 డిగ్రీల దగ్గర లేత పసుపు, 255 దగ్గర గోధుమ, 275 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. నీలం దాకా వెళ్ళిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. అంచు అన్నిటికంటే సన్నం కాబట్టి వేడి ముందు అక్కడే చేరుతుంది, మూడు నాలుగు సెకన్లు చాలు. పై రంగును ఎమరీ పేపర్‌తో చెరిపేసినా లోపలి మెత్తదనం పోదు.

నీలం ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే ఆ మేరకు ఆకురాయితో అరగదీయండి, కింద మంచి ఉక్కు దొరుకుతుంది. పది అంగుళాల ఆకురాయి తీసుకుని, తలను వైస్‌లో బిగించి, వెనక నుంచి వాదర వైపు తోయండి. ఆకురాయి తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, లేకపోతే దాని పళ్ళు అరిగిపోతాయి. చెయ్యి జారితే వాదర మీదికే పోతుంది కాబట్టి తోలు గ్లౌజు తప్పనిసరి. ఆకురాయి కొద్దిగా పట్టుకుంటూ కోస్తుంటే పాయన సరిగ్గా ఉన్నట్టు. గాజు మీద జారినట్టు జారితే ఉక్కు మరీ గట్టిది, దెబ్బకు పెచ్చు లేస్తుంది. వెన్నలా దిగిపోతే ఇంకా మెత్తటి భాగంలోనే ఉన్నారు.

కోణం ఎలా కొలవాలని చాలామంది అడుగుతున్నారు. వాదర నుంచి 10 మి.మీ. వెనక మందం కొలవండి. నాలుగున్నర మి.మీ. ఉంటే మొత్తం కోణం దాదాపు 25 డిగ్రీలు. పచ్చి కొమ్మలకు ఇది సరిపోతుంది. ఎండిన తుమ్మ మొద్దులు చీల్చే గొడ్డలికి ఐదున్నర మి.మీ. దాకా ఉంచండి, అంటే 30 డిగ్రీలు. తల రెండు పక్కలు (బుగ్గలు) చదునుగా కాకుండా కాస్త ఉబ్బుగా ఉంటే గొడ్డలి చెక్కలో ఇరుక్కోదు.

నీలం అంతకంటే లోపలికి పోయి ఉంటే కమ్మరి దగ్గరికే వెళ్ళాలి. వాదర వైపు 30 మి.మీ. మాత్రమే కాల్చమనండి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకొంచెం వేడి చేసి, గోరువెచ్చని కంటే కాస్త వేడిగా, 50–60 డిగ్రీల దాకా కాచిన నూనెలో ముంచాలి. ఏ ఉక్కో తెలియని పాత తలను నీళ్ళలో ముంచితే పగిలే ప్రమాదం ఎక్కువ. లారీ కమాన్ పట్టీతో కొట్టిన గొడ్డళ్ళకూ నూనే మంచిది. తర్వాత వాదరను తెల్లగా తోమి, వెనక నుంచి మెల్లగా వేడి ఇస్తూ, ఊదా రంగు అంచుకు చేరగానే చల్లార్చాలి. ఈ చివరి పని వదిలేస్తే మొదటి దెబ్బకే వాదర ముక్క లేస్తుంది. కంత భాగాన్ని మాత్రం ఎప్పుడూ గట్టిపరచకూడదు.

ప్రశ్న: కొత్త కామ వేయించిన ప్రతిసారీ ఎండాకాలం వచ్చేసరికి తల వదులవుతోంది. రాత్రి నీళ్ళలో నానబెడితే పొద్దున్నకి బిగుస్తుంది, వారంలో మళ్ళీ వదులు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నానబెట్టడమే రోగాన్ని పెంచుతోందమ్మా. తడిసిన చెక్క ఉబ్బుతుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది కాబట్టి బయటికి పెరగలేదు. లోపలి నారలే నలిగిపోతాయి. ఆరాక అంతకు ముందున్నదానికంటే చిన్నదవుతుంది. ఇలా నాలుగుసార్లు చేస్తే కామ పైభాగం పనికిరాదు.

అసలు తప్పు కామ బిగించిన రోజునే జరిగింది: చెక్క పూర్తిగా ఆరలేదు. చెక్కకు అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరుదల కావాలి. చివర్లకు మైనం పూసి నీడలో ఉంచాలి, ఎండలో పెడితే చీలుతుంది. చిరుమాను, తడ, నల్లతుమ్మ కామలకు మంచివి. టేకు తలుపులకు ఎంత మంచిదైనా దెబ్బ తినే పనికి కాదు, పుటుక్కున విరుగుతుంది. ఏ చెక్కయినా నార పైనుంచి కిందిదాకా తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు తిరిగి బయటపడితే కామ అక్కడే విరుగుతుంది. అందుకే రంపంతో కోసిన బద్ద కంటే నార వెంట చీల్చిన బద్ద మేలు.

బిగించడానికి ఏప్రిల్, మే నెలలే సరైన కాలం. చెక్క అప్పుడే అన్నిటికంటే పొడిగా ఉంటుంది, వానాకాలంలో ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వానల్లో బిగించింది ఎండల్లో ఊడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే.

కామ పై చివరలో, కంత లోతులో మూడింట రెండు వంతుల దాకా రంపంతో చీలిక కోయండి. కామను తలలో పెట్టి, తల కింద వేలాడేలా పట్టుకుని, కామ అడుగున కొయ్యసుత్తితో కొట్టండి. తల తన బరువుకు తానే పైకెక్కి కూర్చుంటుంది. పైన నాలుగైదు మి.మీ. చెక్క బయటికి రావాలి. దాన్ని నున్నగా కోసేయకండి, బిగిశాక విచ్చుకుని తలను ఆపేది అదే. చీలికలో ఎండిన గట్టి చెక్క చీల కొట్టండి. ఇనుప చీల తుప్పు పట్టి చుట్టూ చెక్కను తినేస్తుంది, తప్పనిసరైతేనే వాడాలి. పైనున్న కోత మొహానికి అవిసె నూనె పీల్చినంత పట్టించండి, గాలిలోని తేమ ఎక్కువగా చొరబడేది అక్కడే. నూనె తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి తీగ మీద ఆరేయాలి.

పైనుంచి దూర్చే కామకు ఈ చీల గొడవ లేదు, కొట్టినకొద్దీ బిగుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను అదే చెబుతాను.

ప్రశ్న: ఇక్కడి గ్యారేజ్ సేల్స్‌లో స్టాన్లీ కంపెనీ నంబర్ 4 చిత్రికలు (చెక్కను నునుపు చేసే పనిముట్లు) కనిపిస్తుంటాయి. ఊళ్ళో వడ్రం చేసే బాబాయికి ఒకటి తేవాలని ఉంది. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ముందు బ్లేడు తీసి, అడుగు పలకలో బ్లేడు బయటికొచ్చే సందు చుట్టూ చూడండి. ఇది పోత ఇనుము. కింద పడితే ఆ సందు మూలల్లోనే పగులుతుంది. పగులుంటే వదిలేయండి. చెక్క పిడి విరిగితే అతికించవచ్చు, తుప్పు తీయవచ్చు, కానీ బ్లేడు వెనక వైపు వాదర దగ్గర తుప్పు గుంతలుంటే పదును సరిగా రాదు. రెండు అంగుళాల కొత్త బ్లేడు విడిగా దొరుకుతుంది కాబట్టి ధర తగ్గించి అడగండి. మరలు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. స్టాన్లీ మరల చుట్టు ప్రత్యేకమైనది, మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరకదు.

పలకలో బ్లేడు వెనక 1902, 1910 పేటెంటు తేదీలు పోతపోసి ఉంటే అది 1910 తర్వాతి అమెరికా చిత్రిక, మంచి కాలపుది. ఇంగ్లండులో చేసిన రికార్డ్ 04 దొరికినా అంతే నమ్మకంగా కొనండి. ఆ చిత్రికలు 1931లో మొదలయ్యాయి.

అడుగు చదును చేసేటప్పుడు దళసరి గాజు మీద 80 నంబరు ఎమరీ పేపర్ అతికించి, బ్లేడు లోపలికి లాగి, బిగింపు అంతా అలాగే ఉంచి రుద్దాలి. విడదీసి రుద్దితే మళ్ళీ బిగించాక ఆకారం మారుతుంది. ముందు కొస, సందు ముందంచు, వెనక కొస, ఈ మూడూ తగిలితే చాలు. మీ బాబాయిగారు టేకు మీద పని చేస్తే బ్లేడు 25 డిగ్రీలకు సాన పట్టి, చివరి అంచు ఒక్కటీ 30కి తీయమనండి. టేకులోని సిలికా వాదరను త్వరగా అరగదీస్తుంది. విమానంలో దీన్ని చేతి సంచిలో పెట్టుకోకండి, చెక్-ఇన్ సామానులోనే వేయాలి.

ప్రశ్న: మాకు తరాలుగా వస్తున్న గొడ్డలి కోనసముద్రం ఉక్కుదేనని ఇంట్లో అంటారు. ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, ఆర్మూర్

జవాబు: నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా కత్తుల కోసం వెళ్ళిన మాట నిజం. అంత ఖరీదైన ఉక్కుతో గొడ్డలి మొత్తం చేయడం అరుదు. పాత గొడ్డళ్ళలో ఒళ్ళంతా మెత్తటి ఇనుము, వాదరకు మాత్రం ఉక్కు అతుకు ఉంటుంది. ఒక పక్కన చిన్న భాగాన్ని 400 నంబరు ఎమరీ పేపర్‌తో నునుపు చేసి, వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట ఉంచండి. ఉక్కు ముదురు బూడిద రంగులోకి, ఇనుము లేత రంగులో నార గీతలతో విడిపోతాయి. ఉక్కు, ఇనుము కలిసే చోటు నుంచి వాదర దాకా ఎంత మిగిలిందో అదే మీ గొడ్డలికి మిగిలిన ఆయుష్షు. ఏ ఊరి ఉక్కో ఈ పరీక్ష చెప్పదు. దానికి లోహ పరీక్ష చేసే ప్రయోగశాల కావాలి, అక్కడా ముక్క కోసి ఇవ్వనక్కర్లేని పద్ధతి ఉందా అని ముందే అడగండి.

ప్రశ్న: సముద్రపు గాలికి నెలలోనే తుప్పు పడుతోంది. కొబ్బరి నూనె రాయవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వంట నూనెలు కొన్నాళ్ళకు జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటాయి. కుట్టు మిషన్ నూనె పలుచగా రాయండి, వానాకాలంలో రెండు వారాలకోసారి. ఎక్కువ కాలం దాచేవాటికి వ్యాజలిన్ పూయండి. తోలు ఒరలో ఉంచకండి, అది తేమను పీల్చి వాదరకే అంటిస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి, చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది.