గంజాయి దుకాణం వస్తే ఊరికి ఏమైనా ఒరుగుతుందా?

"మా టౌన్‌లో లైసెన్సు ఉన్న గంజాయి దుకాణం వస్తోంది, దానివల్ల ఊరికి ఏమైనా ఒరుగుతుందా?" అని అమెరికాలో ఉంటున్న ఒకాయన అడిగారు. నేను కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ పక్కన ఉంటాను, సొంతూరు నర్సీపట్నం. గంజాయి గురించి మాట్లాడ్డానికి నాకంటే అర్హత ఎవరికుంటుంది?

ఒరుగుతుంది. అలాగని దుకాణం వాళ్ళు పార్కులో చెత్త ఏరి, టీషర్టులు పంచి, ఫోటోలు దిగితే కాదు. అదంతా షో. పన్ను డబ్బు దేనికి పోతుందో ముందే రాసిపెట్టుకుంటేనే.

అమ్మ మొదటిసారి వచ్చినప్పటి సంగతి చెబుతాను. ఎయిర్‌పోర్టు నుంచి ఐ-70 హైవే మీద వస్తున్నాం. ఉత్తర డెన్వర్ గోడౌన్ల దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చి, "ఏట్రా, గంజాయి కంపొస్తోంది?" అంది. ఆ గోడౌన్లలో పెంచేది అదేనమ్మా, లైసెన్సు ఉంటుంది అన్నాను. నమ్మలేదు. వెనకాల పోలీసు జీపు ఏమైనా వస్తోందా అని రెండుసార్లు తిరిగి చూసింది.

తర్వాతి వారం మావాడి పుస్తకాల కోసం ఎడ్జ్‌వాటర్ వెళ్ళాం. ఐదు వేల మంది ఉండే బుల్లి ఊరు. 2018లో తెరిచిన సివిక్ సెంటర్‌లో లైబ్రరీ, జిమ్, సిటీ హాలు, పోలీస్ స్టేషన్ అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఇంత చిన్న ఊరికి ఇంత డబ్బెక్కడిది అని అడిగింది. గంజాయి పన్ను అన్నాను. "పోలీస్ స్టేషన్ కూడానా?" అని పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కౌంటర్ దగ్గరావిడ మావైపు చూసింది.

నవ్వు ఆగాక మా వీధి ఆటో ఆయన కొడుకు గురించి ఎత్తింది. ఏజెన్సీ కొండల నుంచి గంజాయి బ్యాగు మోస్తే ఐదు వేలు ఇస్తామన్నారట. దొరికాడు. సరుకు 20 కిలోలు దాటితే మన చట్టంలో తక్కువలో తక్కువ పదేళ్ళు. మోసినవాడు లోపల, పండించిన గిరిజన రైతు అప్పుల్లో, డబ్బు చేసుకున్నవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. అదే మొక్క. అక్కడి డబ్బుతో ఒక బల్ల కూడా కొనలేదు ఎవరూ.

కొలరాడోలో గంజాయిని చట్టబద్ధం చేయమని 2012లో జనం ఓటేశారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరిచారు. హోల్‌సేల్ సరుకు మీద వేసే 15 శాతం ఎక్సైజ్ పన్ను బడి భవనాలకు వెళ్ళేలా మొదట్లోనే ముడిపెట్టారు. ప్యూబ్లో కౌంటీ వాళ్ళయితే 2015లో ఓటేసి మరీ తమ కౌంటీ గంజాయి పన్నుతో కాలేజీ స్కాలర్‌షిప్పులు పెట్టుకున్నారు. "జనరల్ ఫండ్‌లో కలుపుతాం" (అంటే అన్ని ఖర్చులకూ వాడే ఉమ్మడి ఖాతాలో) అని మీ టౌన్ కౌన్సిల్ అంటే, ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకోండి.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతాను. మనవాళ్ళు వీకెండ్ పార్టీల్లో ఈ వ్యాపారంలో పెట్టుబడి పెడదామని తెగ లెక్కలేస్తుంటారు. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడొకడు అడ్వాన్సు ఇచ్చేదాకా వెళ్ళాడు. లాయర్ తిట్టినంత పని చేశాడు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఈ వ్యాపారంలో ఉంటే సిటిజన్‌షిప్‌కి అడ్డం రావచ్చని 2019లోనే ఇమిగ్రేషన్ వాళ్ళు స్పష్టంగా చెప్పారు. హెచ్1బీ వాళ్ళయితే ఆ టెన్షన్ అసలు నెత్తిన పెట్టుకోకండి. లైబ్రరీకి వెళ్ళండి చాలు.

అమ్మ ఊరెళ్ళి ఈ సంగతి చెబితే వీధిలో ఒక్కరూ నమ్మలేదట. ఫోటో పంపమంది. బిల్డింగ్ ఫోటో పంపాను. "పోలీస్ స్టేషన్ బోర్డు కూడా కనబడాలి" అని మళ్ళీ ఫోన్ చేసింది.