సి బుక్కులో టైరు సైజు లేదు కదా, వెనక వెడల్పు చక్రం వేయించుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మా నాన్నగారు వాడిన 150 సీసీ మోటార్‌సైకిల్‌ని నా పేరు మీదకు మార్పించుకున్నాను. వచ్చే ఏడాదితో రిజిస్ట్రేషన్ అయి పదిహేనేళ్లు నిండుతాయి. ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. వెనక టైరే 100/90-18, మరీ సన్నగా కనిపిస్తుంది. దాని బదులు వెడల్పాటి అల్లాయ్ వీల్, 130/70-17 టైరు వేయించాలని ఉంది. అది పట్టాలంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కోసి వెడల్పు చేయాలని, పనిలో పనిగా రెండంగుళాలు పొడిగిస్తానని, శారీ గార్డ్ తీసేయాలని మెకానిక్ అంటున్నాడు. ‘సి బుక్కులో టైరు సైజు రాయరు, కాబట్టి ఎవరూ ఏమీ అనలేరు’ అంటున్నాడు. ఇది నిజమేనా? ఇన్సూరెన్స్‌కూ రెన్యువల్‌కూ ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ మెకానిక్ మాట సగం నిజం. ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగంలోకి దిగితే మాత్రం ఇరుక్కునేది అతను కాదు, మీరు.

ముందు నిజమైన సగం చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 58 రవాణా వాహనాల గురించి చెబుతుంది. లారీలు, బస్సులు వంటివి రిజిస్టర్ చేసేటప్పుడు ఏ చక్రానికి ఎన్ని టైర్లు, ఏ రకం, ఏ సైజు అన్నది రికార్డులో రాయాలి. సొంతానికి వాడుకునే మోటార్‌సైకిల్‌కు ఆ నియమం లేదు. కాబట్టి మీ ఆర్సీలో, అంటే మీరన్న సి బుక్కులో, టైరు సైజు కనిపించకపోవడం మామూలే.

అసలు ప్రశ్న సెక్షన్ 52 దగ్గర మొదలవుతుంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని ఆ సెక్షన్ అంటుంది. మార్పు అంటే ఏమిటో కింద వివరణ కూడా ఇచ్చింది: బండి నిర్మాణంలో మార్పు జరిగి, దానివల్ల బండి మౌలిక స్వరూపమే మారాలి. 2019 జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చదివింది. రాష్ట్ర నియమాల్లో ఏమున్నా సెక్షన్ 52ను పక్కన పెట్టడానికి లేదని, కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని కేరళ హైకోర్టు తీర్పును కొట్టేసింది. అంటే ‘చిన్న మార్పేలే’ అనే వాదనకు ఆ తర్వాత బలం తగ్గింది.

అలాగని పాత రిమ్ము మీదే ఒక సైజు పెద్ద టైరు వేసుకున్నా నేరమేనా? నా ఉద్దేశంలో కాదు. టైరు అరిగిపోయే సరుకు, మార్చక తప్పదు. రిమ్ము అదే ఉండి, టైరు దేనికీ రాసుకోకుండా తిరుగుతూ, బరువు మోసే సామర్థ్యం పాతదానికి తగ్గకపోతే నిర్మాణం మారిందని అనడం కష్టం. ఒక అధికారి వేరేలా అనుకోవచ్చు, కానీ అక్కడ మీరు నిలబడి వాదించడానికి నేల ఉంటుంది.

స్వింగ్ ఆర్మ్ కోసిన రోజు ఆ నేల పోతుంది. మీ ఆర్సీ తీసి చూడండి, వీల్‌బేస్ అని ఒక అంకె ఉంటుంది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం అది, మిల్లీమీటర్లలో. ఆర్మ్ రెండంగుళాలు పొడిగిస్తే ఆ అంకె దాదాపు 50 మిల్లీమీటర్లు తప్పవుతుంది. కంపెనీ ఇచ్చిన వివరం, ఆర్సీలో రాసిన వివరం, బండి మీద టేపు పెట్టి కొలిచిన వివరం కలవవు. సెక్షన్ 52 అడిగేది సరిగ్గా ఇదే. టైరు సైజు రాయలేదని మురిసిపోతున్న మీ మెకానిక్ దాని పక్కనే ఉన్న ఈ గడి చూసినట్టు లేడు.

ఇందులో చట్టం సంగతి ఒక ఎత్తు, పని సంగతి ఇంకో ఎత్తు. ఆర్మ్ పొడుగైతే షాక్ అబ్జార్బర్ల మీద పడే బరువు పెరుగుతుంది. టైరు వెడల్పైతే చైన్ దాని పక్కకు రాసుకోకుండా స్ప్రాకెట్లను, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రాలను, బయటికి జరపాలి. ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో లేకపోతే చైన్ తెగడమో జారడమో జరుగుతుంది. పైగా 130/70-17 టైరు పూర్తి ఎత్తు సుమారు 614 మిల్లీమీటర్లు, మీ 100/90-18 ఎత్తు సుమారు 637. చూడటానికి భారీగా ఉన్నా అది పొట్టి టైరు. బండి వెనక భాగం కొంచెం దిగుతుంది, సైడ్ స్టాండ్ మీద మునుపటికన్నా నిటారుగా నిలబడి చిన్న తోపుకే పడిపోవచ్చు. ఇవన్నీ లాయరుకెందుకు అంటారేమో, ప్రమాదం జరిగాక క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే ప్రశ్నలు ఇవే.

శారీ గార్డ్ మాట. దీని మీద వాదనకు తావే లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 123వ నియమం ప్రకారం వెనక మనిషి కూర్చునే మోటార్‌సైకిల్‌కు పట్టుకునే హ్యాండిల్, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. గార్డ్ తీసేయకుండా టైరు పట్టదంటే ఆ టైరు మీ బండికి కాదన్నమాట.

ఇక శిక్షలు. 2019 సవరణతో సెక్షన్ 182ఏ కొత్త రూపంలో వచ్చింది. అనుమతి లేని విధంగా బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గుర్తుంచుకోండి. ఆర్మ్ ఒకటి, చక్రం ఇంకొకటి అని లెక్క వేసే అవకాశం ఆ మాటలోనే ఉంది. ఈ నిబంధన పట్టుకునేది బండి యజమానిని, వెల్డింగ్ చేసినవాణ్ణి కాదు. మామూలుగా జైలు దాకా పోదు, టెన్షన్ పడకండి. చలానాతో సరిపోయే కేసులే ఎక్కువ. నాకు దీనికన్నా సెక్షన్ 53 ఎక్కువ ఇబ్బందిగా కనిపిస్తుంది. బండి రోడ్డు మీద జనానికి ప్రమాదకరమని గాని, చట్టం చెప్పినట్టు లేదని గాని అనిపిస్తే రిజిస్టరింగ్ అధికారి మీకు నోటీసు ఇచ్చి, మీ మాట విని, రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయవచ్చు. ఆ సస్పెన్షన్ ఆగకుండా ఆరు నెలలు సాగితే రద్దు దాకా వెళ్లే దారి సెక్షన్ 54లో ఉంది. నాన్నగారి బండి మీద మమకారంతో చేసే పని చివరికి ఆ బండినే ఇంట్లో కూర్చోబెట్టకూడదు కదా.

ఇన్సూరెన్స్ గురించి జనంలో రెండు రకాల అపోహలున్నాయి. ‘మాడిఫై చేస్తే పాలసీ చెల్లదు’ అని కొందరు, ‘ప్రీమియం కట్టాక వాళ్లు ఇచ్చి తీరాలి’ అని మరికొందరు. రెండూ తప్పే.

థర్డ్ పార్టీ భాగం వేరు. మీ బండి తగిలి ఇంకొకరికి దెబ్బ తగిలితే పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీ చెప్పదగిన సాకులు సెక్షన్ 150లో లెక్కగా రాసి ఉన్నాయి. లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, పందేలకు వాడటం వంటివి. బండి మార్పించడం అన్నది ఆ జాబితాలో విడిగా లేదు. కానీ ముఖ్యమైన నిజం దాచి పాలసీ తీసుకున్నారన్న సాకు ఉంది. మార్పు చేయించాక, అడిగినా చెప్పకుండా పాలసీ రెన్యువల్ చేయించుకుంటే కంపెనీ లాయరు పట్టుకునే కొస అదే. బాధితుడికి డబ్బు ముందు కంపెనీతో కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించడం కూడా ఉంది. అప్పుడు ఆ మొత్తం మీ నెత్తిన పడుతుంది.

మీ సొంత బండికి జరిగిన నష్టం, అంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, ఇంకో రకం. అక్కడ మీకూ కంపెనీకీ మధ్య ఉన్నది ఒప్పందం. సర్వేయర్ వచ్చి, కోసి అతికిన ఆర్మ్ ఫొటో తీసుకుని వెళ్తాడు. ఆర్మ్ విరిగి బండి పడిపోతే క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. బండి దొంగతనానికి గురైతే మాత్రం వెడల్పు టైరుకూ దొంగతనానికీ సంబంధం ఏమిటని గట్టిగా అడగొచ్చు. 2010లో అమలేందు సాహూ కేసులో పాలసీ షరతు తప్పినా క్లెయిమ్ మొత్తాన్ని తోసిపుచ్చకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో కొంత చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది బండిని అద్దెకు వాడిన కేసు, మార్పుల కేసు కాదు. అయినా అందులోని సూత్రం మీకూ పనికొస్తుంది.

మనిషి ప్రాణం పోయేంత ప్రమాదమైతే విషయం డబ్బుతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. అతికిన ఆర్మ్ ఉన్న బండి అని ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఒక్క వాక్యం వస్తే, తప్పు ఎదుటివాడిదైనా వివరణ ఇచ్చుకోవాల్సింది మీరవుతారు.

రెన్యువల్ సంగతి. పదిహేనేళ్ల గడువు తీరకముందే రిజిస్ట్రేషన్ రెన్యువల్ దరఖాస్తు, ఫారం 25, పెట్టుకోవాలి. గడువుకు అరవై రోజుల ముందు నుంచి తీసుకుంటారు. బండి బాగుంటే అయిదేళ్లకు పొడిగిస్తారు. దానికి బండిని చూపించాలి. మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు చూశాక కళ్లు పెట్టేది టైర్ల మీదే. ‘ఆ రోజుకి పాత చక్రం బిగించి చూపించి, తర్వాత మళ్లీ మార్చుకుంటే సరి’ అని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. చక్రమైతే బిగిస్తారు, కోసిన ఆర్మ్‌ను ఎలా అతికిస్తారు? అదీగాక, అలా తెచ్చుకున్న రెన్యువల్ ప్రమాదం జరిగిన రోజు మీకు సాక్ష్యంగా పనికిరాదు, మీకు ఎదురు తిరుగుతుంది.

మరి చేయగలిగేది ఏముంది? మీ మోడల్‌లోనే కంపెనీ తర్వాత కాలంలో వెడల్పు టైరుతో అమ్మిన వేరియంట్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే, దాని చక్రం ఏ కోతా లేకుండా మీ ఆర్మ్‌లో కూర్చుంటే, కంపెనీ స్పెసిఫికేషన్‌కు అదే దగ్గరి దారి. అలాంటిది లేకపోతే ఇప్పుడున్న రిమ్ముకు టైరు కంపెనీ కేటలాగ్ అనుమతించే పెద్ద సైజుతో తృప్తి పడండి. 130 టైరుకు దాదాపు మూడున్నర అంగుళాల రిమ్ము కావాలి, పాత సన్న రిమ్ము మీద దాన్ని బలవంతంగా ఎక్కిస్తే అంచులు ముడుచుకుని టైరు మధ్యభాగం మీదే తిరుగుతుంది. టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు, ద్విచక్ర వాహనాల టైర్లకు వర్తించే ఐఎస్ 15627 నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. సైజు పక్కన 62పీ లాంటి గుర్తు ఉంటుంది. 62 అంటే ఆ టైరు 265 కిలోలు మోయగలదని, పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఈ రెండూ పాత టైరుకన్నా తక్కువ ఉండకూడదు.

అన్నిటికీ బిల్లు తీసుకోండి, కాగితం మీద, సైజుతో సహా. బిగింపు సరిగ్గా చేయక నష్టం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే ఆర్మ్ కోయమని మీరే చెప్పి చేయించుకుంటే, చట్టం ఒప్పుకోని పనిని అడిగి చేయించుకున్నవాడిగా మీ ఫిర్యాదు బలహీనపడుతుంది. మెకానిక్ ఆ మాటే చెబుతాడు కూడా.

ఒక చిన్న సంగతి ఇంకా. మీకు వర్తించదుగానీ, యాభై ఏళ్లు దాటిన బళ్లున్నవారు దీన్ని చదువుతుంటే వారి కోసం. 2021లో వచ్చిన వింటేజ్ నియమాల కింద ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. అలాంటి బండి దగ్గరకు వెల్డింగ్ మెషిన్‌ను కూడా రానివ్వకండి.

మీరు చేయాల్సిన మొదటి పని మీ చాసిస్ నంబరు, మోడల్, సంవత్సరం రాసి, ‘ఈ బండికి వెనక ఏయే టైరు సైజులు, ఏయే చక్రాలు ఆమోదించారు’ అని తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపడం. వచ్చిన జవాబు ప్రింటు తీసి ఆర్సీతో పాటు పెట్టుకోండి. మార్పు చేయించాక అదే ప్రింటు జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. తయారీ కంపెనీ నుంచి జవాబు వచ్చేదాకా మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.